ఏ బాధా లేకుంటే పెద్దపేగు పరీక్ష ఎందుకు?

ప్రశ్న: నల్లగొండలో ఉంటాం. మా బాపుకు 52 ఏండ్లు, ఏ బాధా లేదు. పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష అవసరమా?

అవసరమే. ఈ క్యాన్సర్ చాలావరకు పేగు లోపల పాలిప్ అనే చిన్న కండగా మొదలై, ముదరడానికి సుమారు పదేండ్లు పడుతుంది. ఆ దశలో నొప్పి ఉండదు. కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి చూసే పరీక్షలో, కనబడితే అక్కడే కోసి తీసేస్తారు. అమెరికా మార్గదర్శకాల్లో 45 ఏండ్ల నుంచే చేయించమంటారు. తోబుట్టువులకో తల్లిదండ్రులకో వచ్చి ఉంటే 40కి, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేండ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు.

తేలిక దారి ఫిట్ అనే మల పరీక్ష, ఏటా ఒకసారి. మలంలో కంటికి కనబడని రక్తాన్ని అది పట్టిస్తుంది. అది పాజిటివ్ వస్తే మళ్లీ ఫిట్ చేయించి తప్పించుకోవద్దు, కొలనోస్కోపీయే. మలంలో రక్తం పడితే ఫిట్‌తో ఆగొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. మొలలనుకొని నాటుమందు వాడుతూ కూర్చోవడమే మన దగ్గర పెద్ద పొరపాటు.

కొలనోస్కోపీ చాలాసార్లు చెడేది పేగు శుభ్రం కాకపోవడం వల్ల. మూడు రోజుల ముందు నుంచి జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు మానాలి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచబరిచే మందులు, షుగరు మందుల సంగతి డాక్టరే చెప్పాలి. విరేచనాల మందు, సాధారణంగా 2 లీటర్లు, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు 4-6 గంటల ముందు. హైదరాబాద్‌లో చేయిస్తుంటే ముందురోజే అక్కడికి చేరండి, ఆ మందు తాగి బస్సెక్కలేరు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపొద్దు.