వైజాగ్ చెరువులకి ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్డు చాలు, మార్చుకోవలసింది చేతి అలవాటు

ప్రశ్న ఇది: “వైజాగ్ చుట్టుపక్కల చెరువుల్లో కొర్రమీను, తిలాపియా కోసం ఫ్లై ఫిషింగ్ మొదలుపెడదామని ఉంది. ఫైబర్‌గ్లాస్ రాడ్డు తక్కువలో దొరుకుతోంది. కార్బన్ ఫైబర్ రాడ్డు ముందు అది పాతకాలం సరుకు అంటున్నారు. కొనొచ్చా?”

కొనండి. పాతకాలం సరుకన్నది తేదీల వరకూ నిజమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన గ్లాసు రాడ్డుని 1970ల్లో మొదలైన కార్బన్ పక్కకి నెట్టేసింది. కానీ కార్బన్ గెలిచింది దూరం విసరాల్సిన చోట. అనకాపల్లి, చోడవరం వైపు చెరువుల్లో కొర్రమీను గట్టుకి నలభై అడుగుల లోపే, గుర్రపుడెక్క అంచున ఉంటుంది. అక్కడికి ఎనభై అడుగులు విసిరే రాడ్డుతో పనేముంది? గ్లాసు పోగు తెగేలోపు తన పొడవులో 4 శాతం పైగా సాగుతుంది, కార్బన్ పోగు 2 శాతం దగ్గరే తెగుతుంది. అందుకే గ్లాసు రాడ్డు పిడిదాకా వంగినా అంత తేలిగ్గా విరగదు. బరువైన ఫ్లై (కొక్కెం మీద కట్టిన ఉత్తుత్తి ఎర) వచ్చి తగిలితే కార్బన్‌కి కంటికి కనపడని గాటు పడి, ఇంకో రోజు ఇంకో చేప మీద అక్కడే విరుగుతుంది. గ్లాసుకి ఆ బెడద చాలా తక్కువ.

కొర్రమీనుకైతే ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల పొడవు, 7 నంబరు రాడ్డు (నంబరంటే ఆ రాడ్డుకి సరిపడే లైను బరువుకి గుర్తు). అంతకంటే పొడవైతే గ్లాసు బరువంతా కొనకి చేరి మణికట్టు లాగేస్తుంది. దుకాణాల్లో “అన్నిటికీ పనికొస్తుంది” అని తొమ్మిది అడుగుల 5 నంబరు రాడ్డు అంటగడతారు. అది చల్లటి సెలయేళ్ళలో ట్రౌట్ కోసం పుట్టిన కొలత. ఫ్లైని మోసుకెళ్ళేది లైను బరువే కదా! 5 నంబరు లైను మొదటి ముప్ఫై అడుగులు 9 గ్రాములు, 7 నంబరుది 12 గ్రాములు. కొర్రమీనుకి వేసేది కప్పలా చేసిన ఫోమ్ ఫ్లై; గాలిని అడ్డుకునే ఆ కప్పకి ఆ మూడు గ్రాముల తేడా చాలా పెద్దది.

విసరడంలో తొందర పనికిరాదు. నీటి మీది లైనుని మెల్లగా లేపి వెనక్కి విసిరి, అది వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగండి. కార్బన్ అలవాటున్నవాళ్ళు అరక్షణం ముందే ముందుకి కొడతారు. అప్పుడు కొరడా దెబ్బలా చప్పుడొస్తుంది, ఫ్లై తెగి వెనక పొలంలో పడుతుంది. చప్పుడు వినపడిందంటే ఆగడం చాల్లేదనే అర్థం. ఇంకా బలంగా కొడితే గాల్లోని లైను వంపు (లూపు) తనలో తాను చిక్కుకుని, లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారంలో, అంటే లీడరులో, ముడి పడుతుంది.

ఇక అసలు సంగతి, చేప పట్టినప్పుడు ఏం చేయాలన్నది. పొద్దున్న ఆరున్నర, గాలి లేదు అనుకోండి. కలువాకుల మధ్య నీళ్ళు ఒక్కసారి ఉబ్బి రెండు బుడగలు పైకొస్తాయి. కొర్రమీను గాలి పీల్చి వెళ్ళిందన్నమాట. దానికి మొప్పలొక్కటే చాలవు, పైకి రాక తప్పదు. ఆ చోటికి రెండడుగులు అవతల ఆకు మీద కప్పని పడేసి, అక్కణ్ణుంచి నీళ్ళలోకి జార్చండి. పది లెక్కపెట్టండి. జానెడు లాగి ఆపండి. ఆకుల కింద బాణం మొనలాంటి అల కదులుతుంది, ధబ్‌మని నీళ్ళు ఎగురుతాయి. సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది రాడ్డు పైకెత్తేస్తారు, చేప పోతుంది. ఎందుకంటే గ్లాసు కొన మెత్తన. మీరు మూడడుగులు ఎత్తితే ఆ ఎత్తంతా వంపులోనే కరిగిపోయి, కొక్కెం నాలుగు వేళ్ళు కూడా కదలదు. కొర్రమీను నోరేమో ఎముక. మొన గీసుకుని జారిపోతుంది. “గ్లాసు రాడ్డు కొక్కెం దింపదు” అన్న నింద పుట్టింది ఇందుకే. తప్పు రాడ్డుది కాదు.

చేయాల్సింది ఇది. రాడ్డు కొన నీటికి ఆనించి, లైనుకి తిన్నగా చేప వైపే ఉంచండి. చప్పుడుకి కాదు, లైనులో బరువు తగిలినప్పుడు కదలాలి. అప్పుడు ఎడమ చేత్తో లైనుని మూరెడు గట్టిగా లాగండి, వెంటనే ఇంకోసారి. రెండో లాగుడు తర్వాతే రాడ్డు పక్కకి వంచాలి, పైకి కాదు. మొదటి మూడు క్షణాల్లో లైను వదిలారా, చేప నాచులో దూరి కూర్చుంటుంది. లైను బిగపట్టి దాని తలని బయటికి తిప్పండి. పదిహేనడుగుల దారమే బయట ఉన్నప్పుడు లైను సాగదు, లీడరు తెగేది చేప కుదుపులకే. ఆ కుదుపుల్ని గ్లాసు వంపు మింగుతుంది. ఇంత దగ్గరి పోరులో కార్బన్‌కి ఆ ఓర్పు లేదు.

లీడరు మొత్తం ఆరడుగులు చాలు: 40 పౌండ్ల లాగుడు తట్టుకునే నైలాన్ మూడున్నర, 25 పౌండ్లది ఒకటిన్నర, పళ్ళ కోసం చివర 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఒక అడుగు. కప్ప తయారీకి రబ్బరు చెప్పు ఫోమ్, కోడిపుంజు మెడ ఈకలు బాగా పనికొస్తాయి. 1/0 కొక్కేన్ని ఫోమ్ అడుగున గాటుపెట్టి అంటించండి, మరీ లోతుగా దింపకండి. మొనకీ ఫోమ్‌కీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు లేకపోతే చేప మూసిన నోట్లోంచి కప్ప అలాగే బయటికి వచ్చేస్తుంది. నాచు తగలకుండా కట్టే నైలాన్ వంపు 20 పౌండ్లు దాటకూడదు. అది గట్టిగా ఉంటే మెత్తటి రాడ్డుతో అసలు వంగదు. కొక్కెం మొనని బొటనవేలి గోరు మీద ఆనిస్తే జారకుండా నిలబడాలి.

వానలు మొదలయ్యాక నీటి మీద ఎర్రగా పిల్లల గుంపు తిరుగుతుంటే దాని మీద ఫ్లై వేయకండి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, కోపంతో దేన్నయినా కొడతాయి. సులువుగా పడుతుందని దాన్నే వేటగా చెప్పుకుని ఫొటోలు పెట్టడం చూస్తే ఒళ్ళు మండుతుంది. కాపలా చేప గట్టెక్కితే ఆ పిల్లలు మిగతా చేపల పాలే. కొండకర్ల ఆవ సరస్సులో చలికాలం పక్షులుండగా ఈ సరంజామాతో దిగడం కూడా అంతే తప్పు. మిగతా చెరువుల్లోనూ చేపల హక్కు సంఘానిదో పాటదారుదో అయి ఉంటుంది, ముందు అడిగి వెళ్ళండి.

తిలాపియాకి ఏడడుగుల 4 నంబరు గ్లాసు, 6 పౌండ్ల టిప్పెట్ (లీడరు చివరి సన్న దారం), 10 నంబరు కొక్కెం మీద చిన్న నింఫ్ (నీటి పురుగు పిల్లలా కట్టిన ఫ్లై). గుప్పెడంత చేప కూడా రాడ్డుని పిడిదాకా వంచుతుంది. భీమిలిలో గోస్తనీ మొగ దగ్గర పండుగప్పకి మాత్రం గ్లాసు వద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురు విసరాలంటే 8 నంబరు కార్బనే కావాలి.

లైను విషయంలో పొరపాటు చేస్తే రాడ్డు ఏదైనా ఒకటే. చల్లటి నీళ్ళకి చేసిన లైను మన ఎండకి మెత్తబడి, జిగురొచ్చి గైడ్లకి (రాడ్డు మీది రింగులకి) అంటుకుంటుంది. గట్టి లోపలి దారమున్న ఉష్ణమండలపు లైను అడిగి తీసుకోండి. ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేయకండి. డీట్ ఉన్న దోమల క్రీము రాసుకున్న చేత్తో లైను పట్టుకుంటే పైపూత కరిగి పగుళ్ళొస్తాయి, ముందు చెయ్యి సబ్బుతో కడగండి.

పాత రాడ్డయితే కొనేముందు అతుకు చూడండి. గట్టి కడ్డీ లోపలికి దూరే రకం అతుకులో, బిగించాక రెండు ముక్కల మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అస్సలు ఖాళీ లేదంటే అరిగిపోయింది, విసిరేటప్పుడు వదులై టకటకలాడుతుంది. కొద్దిగా అరిగితే కొవ్వొత్తి మైనం రుద్దితే పట్టు వస్తుంది. ఇరుక్కుపోతే మెలితిప్పకండి, రెండు చేతులతో తిన్నగా లాగండి. విద్యుత్ తీగల కింద మాత్రం విసరకండి. కార్బన్‌లా గ్లాసు కరెంటుని మోయదన్న మాట నిజమే, కానీ తడిసిన రాడ్డునీ తడిసిన లైనునీ అక్కడ నమ్మడానికి లేదు.