టాంపన్ ఎక్కడ ఇబ్బంది పెడుతోందో ముందు చూసుకో

అమ్మలూ,

టాంపన్ (నెలసరి రక్తాన్ని పీల్చుకోవడానికి యోనిలో పెట్టుకునే దూది చుట్ట) పెట్టుకుని నడుస్తుంటే గుచ్చుకుంటోందనీ, కూర్చుంటే ఏదో అడ్డం పడ్డట్టుందనీ, తీసేటప్పుడు మంట పుడుతోందనీ రాశావు. మూడింటినీ కలిపి ఒకటే బాధ అనుకుంటున్నావు గానీ, దేని కారణం దానిది. అందుకే నొప్పి ఎప్పుడు వస్తోందో ముందు విడదీసి చూసుకో. పెట్టేటప్పుడా, పెట్టాకా, తీసేటప్పుడా? అది తేలితే సగం పని అయిపోయినట్టే. "కొత్తలో అంతే, అలవాటైపోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకు. సరిగ్గా కూర్చున్న టాంపన్ లోపల ఉందన్న సంగతే తెలియదు.

పెట్టాక గుచ్చుకోవడంతో మొదలుపెడదాం, అందరినీ ఎక్కువగా వేధించేది ఇదే. యోని ఎప్పుడూ తెరుచుకుని ఉండే గొట్టం కాదు. ముందు గోడా వెనక గోడా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. లోతు మనిషిని బట్టి మారుతుంది, సుమారుగా 7 నుంచి 10 సెంటీమీటర్లు అనుకో. తాకితే తెలిసే నరాలు ఎక్కువగా ఉండేది ద్వారానికి దగ్గరగా ఉన్న కింది మూడో వంతులో. బిగుసుకునే కండరాలు ఉన్నదీ అక్కడే. పై భాగంలో ఆ స్పర్శ చాలా తక్కువ. ఇప్పుడు ఆలోచించు, నొప్పి పుడుతుందేమోనని భయపడి టాంపన్ని సగం దాకే పెట్టి వదిలేస్తే అది సరిగ్గా నరాలూ కండరాలూ ఉన్నచోటే ఆగిపోతుంది. కూర్చున్నప్పుడల్లా నొక్కుతుంది, నడిచినప్పుడల్లా ఒరుసుకుంటుంది. లోతుగా పెడితే ఎక్కువ నొప్పి అనుకుంటారు చాలామంది, నిజానికి జరిగేది తిరగేసి.

అప్లికేటర్ (టాంపన్ని లోపలికి నెట్టే గొట్టం) లేని రకమైతే చూపుడు వేలితో దాని అడుగును నెడుతూ వెళ్ళు. వేలు రెండో కణుపు దాకా లోపలికి వెళ్ళేసరికి టాంపన్ చేరాల్సిన చోటికి చేరుతుంది. పెట్టేముందు, తర్వాత బయటికి లాగడానికి దాని అడుగున వేలాడే దారాన్ని ఒకసారి గట్టిగా లాగి, ఊడిపోకుండా ఉందో లేదో చూసుకో. అడుగు భాగాన్ని కాస్త విప్పారేలా చేస్తే వేలి కొన అందులో ఆనుకుంటుంది, నెట్టేటప్పుడు జారదు. గోళ్ళు కత్తిరించుకో. సన్నటి గీరుడు పడితే రెండు రోజులు మంట పెడుతుంది, నువ్వేమో టాంపన్ని తిట్టుకుంటావు.

అప్లికేటర్ ఉన్న రకంలో తప్పు సాధారణంగా ఒకచోటే జరుగుతుంది. అందులో రెండు గొట్టాలుంటాయి: టాంపన్ ఉన్న లావుది బయటిది, దాన్ని నెట్టే సన్నది లోపలిది. లావు గొట్టం చివర పట్టుకోవడానికి గరుకుగా గానీ గీతలతో గానీ ఒక చోటు ఉంటుంది. బొటనవేలితో, మధ్యవేలితో అక్కడ పట్టుకుని, ఆ వేళ్ళు ఒంటికి తగిలేదాకా లావు గొట్టాన్ని లోపలికి పోనివ్వాలి. ఆ తర్వాతే చూపుడు వేలితో సన్న గొట్టాన్ని పూర్తిగా నెట్టాలి. తొందరపడి, లావు గొట్టం సగంలో ఉండగానే నెట్టేస్తే టాంపన్ కిందే దిగబడుతుంది. పూర్తిగా నెట్టకుండా గొట్టం బయటికి లాగినా అంతే, టాంపన్ దానితోపాటు కొంత కిందికి వచ్చేస్తుంది. అట్ట అప్లికేటర్ అయితే చివర చిరిగి గానీ నలిగి గానీ ఉందేమో చూడు. ఆ అంచు చర్మాన్ని గిల్లినట్టు పట్టేస్తుంది.

పెట్టాక లేచి నాలుగడుగులు వేసి చూడు. ఇంకా తెలుస్తోంటే శుభ్రమైన వేలితో మరికాస్త పైకి నెట్టు. అలా కుదరకపోతే తీసేసి కొత్తది పెట్టుకో. బయటికి తీసినదాన్ని మళ్ళీ వాడకూడదు. ఒకటి దండగైందని బాధపడకు.

ఇక పెట్టేటప్పుడు వచ్చే నొప్పి. యోని నిటారుగా తలవైపు పోదు, నడుము కింది భాగం వైపు వెనక్కి వాలి ఉంటుంది. నిలబడి టాంపన్ని తిన్నగా పైకి నెడితే అది ముందు గోడకి కొట్టుకుంటుంది. ఆ గోడకి అవతలే మూత్రాశయం, అందుకే చురుక్కుమంటుంది, "లోపల దారి లేదు" అనిపిస్తుంది. దారి ఉంది, వాలు మార్చాలి. నడుము వెనక చెయ్యి పెట్టుకుని చూడు, గురి అటు ఉండాలి. సగం వెళ్ళాక ఆగిపోతే బలం పెట్టకు. కొద్దిగా వెనక్కి లాగి, కొనను వెన్ను వైపు తిప్పి మళ్ళీ పంపు.

భంగిమ ఎవరికి కుదిరింది వాళ్ళది. ఒక కాలు ఎత్తయిన పీట మీద పెట్టి నిలబడొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, కమోడ్ మీద మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోవచ్చు. బొత్తిగా కొత్తవాళ్ళకి పడుకుని మోకాళ్ళు మడిచి పెట్టుకోవడం తేలిక, కాళ్ళకి బిగువు ఉండదు. ద్వారం ఎక్కడుందో అనుమానంగా ఉంటే అద్దం పెట్టి చూసుకో. ముందు ఉండే చిన్న రంధ్రం మూత్రానిది, మధ్యది యోని, వెనకది మలద్వారం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మూత్రం దారి వేరు కాబట్టి టాంపన్ ఉండగానే మూత్రానికి వెళ్ళొచ్చు, దారాన్ని మాత్రం పక్కకి పట్టుకో, తడవకుండా ఉంటుంది.

బిగదీసుకోవడం ఇంకో కారణం. కంగారు పడితే కటి కండరాలు మనకి తెలియకుండానే మూసుకుంటాయి, తర్వాత ఏది పెట్టినా నొప్పే. పొట్ట లోపలికి పీల్చుకోకు, వదులుగా వదిలెయ్. మూత్రం వదలడానికి కూర్చున్నప్పుడు కండరాలు ఎలా సడలుతాయో అలా సడలనిచ్చి, గాలి నెమ్మదిగా బయటికి వదులుతూ అదే సమయంలో నెట్టు. రెండు మూడుసార్లు కుదరకపోతే ఆ రోజుకి మానేసి ప్యాడ్ పెట్టుకో. నొప్పి పుట్టాక ఇంకా ప్రయత్నిస్తే కండరాలు మరింత బిగుసుకుంటాయి. బ్లీడింగ్ ఎక్కువగా ఉన్న రోజున, అన్నిటికంటే సన్న రకంతో మళ్ళీ చూడు. తడిగా ఉన్నప్పుడు జారడం తేలిక.

తీసేటప్పుడు మంటకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: టాంపన్ పొడిగా ఉండటం. పొడి దూది నాలుకకి అంటుకుంటే ఎలా ఉంటుందో అలాగే అది యోని గోడకి అంటుకుంటుంది. లాగుతుంటే గోడ కూడా లాగినట్టవుతుంది. బ్లీడింగ్ తక్కువగా ఉన్న రోజున ఎక్కువ పీల్చే రకం పెట్టుకుంటే ఇదే గతి. రక్తం సరిపోక అది అక్కడుండే సహజమైన తడిని కూడా పీల్చేస్తుంది, లోపల సన్నగా గీరుకుపోయే అవకాశమూ ఉంది. "పెద్ద రకం పెట్టుకుంటే మాటిమాటికీ మార్చక్కర్లేదు" అనే లెక్క అందుకే నాకు నచ్చదు.

ప్యాకెట్ మీద పీల్చే శక్తి రాసి ఉంటుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం లైట్ అంటే 6 గ్రాముల లోపు, రెగ్యులర్ 6 నుంచి 9, సూపర్ 9 నుంచి 12, సూపర్ ప్లస్ 12 నుంచి 15 గ్రాములు. కొన్నిచోట్ల గ్రాముల బదులు చుక్కల గుర్తులు వేస్తారు, చుక్కలు పెరిగేకొద్దీ పీల్చేదీ పెరుగుతుంది. నీకు ఏది సరిపోతుందో చెప్పేది నువ్వు తీసిన టాంపనే. నాలుగు గంటల తర్వాత తీసినప్పుడు ఇంకా తెల్లటి దూది చాలావరకు కనబడుతోంటే, తీయడం కష్టమైతే, ఆ రోజుకి అది పెద్దదైంది, ఒక మెట్టు దిగు. నాలుగు గంటల లోపే పూర్తిగా నాని లీకవుతోంటే ఒక మెట్టు ఎక్కు. ఒకే నెలలో రెండు రకాలు కావాల్సి రావడం మామూలే. చివరి రోజుల్లో మరకలే పడుతుంటే టాంపన్ మానేసి ప్యాడ్‌తో సరిపెట్టుకో. పీరియడ్స్ రాకముందే జాగ్రత్త కోసం పెట్టుకోవడం, మామూలు తెల్లబట్టకి పెట్టుకోవడం అసలు పనికిరావు.

పొడిగా ఉన్నదాన్ని ఎలాగూ తీయాలి కదా, అప్పుడు గబుక్కున గుంజకు. గొంతుక్కూర్చుని, గాలి వదులుతూ, పెట్టిన వాలులోనే, అంటే కిందికీ కొంచెం ముందుకీ, దారాన్ని నిదానంగా లాగు. కదలకపోతే, పెట్టుకుని ఇంకా ఏడు గంటలు కాకపోతే ఒక గంట ఆగి చూడు, కొంత నానుతుంది. పెట్టేటప్పుడు పొడిగా అనిపిస్తే నీటి ఆధారిత లూబ్రికెంట్ (జారేలా చేసే జెల్) కొనకి కొద్దిగా రాస్తే చాలు. వాసనల క్రీములు, వాజలీన్ వద్దు. సువాసన కలిపిన టాంపన్లూ వద్దు, ఆ సువాసన రసాయనాలే మంటకీ దురదకీ కారణమవుతాయి.

మలబద్ధకం ఉన్నప్పుడు వెనక నుంచి ఒత్తిడి పడి టాంపన్ అడ్డంగా అనిపిస్తుంది, ముక్కితే కిందికి జారుతుంది కూడా. అప్పుడు మార్చుకో.

"లోపలే పోతే?" అని అడిగావు. పోదు. యోని పైన గర్భాశయ ముఖద్వారం ఉంటుంది, దాని కన్నం చాలా సన్నం, టాంపన్ అందులోంచి వెళ్ళలేదు. దారం లోపలికి పోతే చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని, కిందికి మెల్లగా ముక్కుతూ రెండు వేళ్ళతో వెతుకు. పట్టకార్లూ ఇతర పనిముట్లూ వాడొద్దు. అందకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, నిమిషంలో తీసేస్తారు. మర్చిపోయిన టాంపన్ లోపల ఉండిపోతే భరించలేని దుర్వాసన, గోధుమరంగు స్రావం వస్తాయి. కొత్తది పెట్టుకునే ముందు పాతది తీశానా అని ఒక్కసారి గుర్తుచేసుకో, చివరి రోజున మరీ ముఖ్యం.

కన్నెపొర గురించి మీ నాయనమ్మ ఏమన్నదో ఊహించగలను. కన్నెపొర మూత కాదు, దానిలో ఖాళీ ఉంటుంది కాబట్టే నెలసరి రక్తం బయటికి వస్తోంది. సాగే గుణం ఉన్న కణజాలం అది. టాంపన్ సాధారణంగా అందులోంచి వెళ్ళిపోతుంది, ఒక్కోసారి కొద్దిగా సాగొచ్చు, చిరగొచ్చు. దాన్ని చూసి ఎవరికైనా శారీరక సంబంధం ఉందో లేదో చెప్పడం డాక్టర్లకే సాధ్యం కాదు. అయితే కొందరికి పుట్టుకతోనే ఆ ఖాళీకి మధ్యలో ఒక అడ్డపట్టీ ఉంటుంది. అలాంటప్పుడు టాంపన్ అసలు దూరదు, లేదా దూరి, ఉబ్బాక బయటికి రాదు. చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు. చేతికి అలాంటి తాడులా తగిలితే బలవంతం చేయకు.

ఎంతసేపు ఉంచుకోవాలన్నది మాత్రం గడియారం చూసి తేల్చాలి, వీలు చూసి కాదు. నాలుగు నుంచి ఎనిమిది గంటలు, ఎనిమిది దాటకూడదు. రాత్రి ఎనిమిది గంటల కంటే ఎక్కువ పడుకుంటావంటే ప్యాడ్ పెట్టుకో. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే జబ్బు ఒకటుంది, కొన్ని బాక్టీరియా విడుదల చేసే విషం వల్ల వస్తుంది, చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. 1980లో అమెరికాలో ఎక్కువ పీల్చే టాంపన్లు వాడినవాళ్ళలో ఎన్నో కేసులు బయటపడ్డాకే ప్రపంచానికి దీని సంగతి గట్టిగా తెలిసింది. అవసరమైనంత తక్కువ పీల్చే రకమే వాడమనడానికి ఇది మరో కారణం. టాంపన్ ఉండగా ఉన్నట్టుండి 102 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకి కమిలినట్టు ఎర్రటి దద్దురు, కళ్ళు తిరగడం లాంటివి మొదలైతే వెంటనే తీసేసి అత్యవసర విభాగానికి వెళ్ళు, టాంపన్ వాడుతున్నానని చెప్పు. ఆ మాట చెప్పకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదముంది. ఇంతకుముందు ఆ జబ్బు వచ్చినవాళ్ళు మళ్ళీ టాంపన్ జోలికి వెళ్ళకూడదు. కాన్పయ్యాక కూడా డాక్టర్ సరేననేదాకా, మామూలుగా ఆరు వారాలు, ప్యాడ్లే.

రకం మార్చినా, వాలు సరిచేసినా, బ్లీడింగ్ ఎక్కువ ఉన్న రోజునే పెట్టినా నొప్పి అలాగే ఉంటే అది టాంపన్ సమస్య కాకపోవచ్చు. దురద, పెరుగు విరిగినట్టు తెల్లటి స్రావం ఉంటే ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది, తగ్గేదాకా ప్యాడ్ వాడు. ఒక వేలు పెట్టినా కండరాలు గట్టిగా మూసుకుపోతుంటే దాన్ని వెజైనిస్మస్ అంటారు, ఫిజియోథెరపీతో, క్రమంగా సైజు పెంచుకుంటూ వెళ్ళే డైలేటర్లతో (యోనిని నెమ్మదిగా అలవాటు చేసే నునుపైన కడ్డీలు) చికిత్స ఉంది. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే నొప్పి ఏ నిమిషంలో, ఎక్కడ వస్తోందో, ఏ రకం వాడావో ముందే ఒక కాగితం మీద రాసుకెళ్ళు. పరీక్షకి చిన్న సైజు పరికరం వాడమని అడుగు, నొప్పి పుట్టగానే ఆపమని ముందే చెప్పు. అలా అడిగే హక్కు నీకుంది.

నీ పెద్దమ్మ