వీడియోలొచ్చాక ఇంకా టీచర్ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, మ్యాథ్స్. టీచర్‌నే అవుతానని పట్టుబట్టింది. పాఠాలన్నీ వీడియోల్లో ఉచితంగా దొరుకుతున్నాయి, డౌట్లు ఏఐ తీరుస్తోంది, ఇంకో పదేళ్లకు టీచరన్న ఉద్యోగం మిగులుతుందా అని మా టెన్షన్. చదువుల రంగంలోనే ఉండాలంటే ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీల్లో ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌గా, అంటే కోర్సులూ పాఠాలూ రూపొందించే పనికి, వెళ్లమని చెబుతున్నాం. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరా? - ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదండీ. పిల్లలు టీచర్ అవుతామన్న ప్రతి ఇంట్లోంచీ ఇప్పుడు ఇదే వస్తోంది, మాటలే కాస్త అటూ ఇటూ. పోల్చి చెబుతాను గానీ, మీరు అడిగింది ఉద్యోగాల గురించే అయినా నాకు వినిపించింది ఇంకొకటి: ఇంత చదివించి చివరికి టీచరా, అదీ రేపో మాపో మెషీన్ ఎత్తుకుపోయే పనా, నలుగురికీ ఏం చెప్పుకోవాలి అని. ఇందులో మెషీన్ సంగతికి జవాబు ఉంది. నలుగురి సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూద్దాం. 2030 నాటికి ప్రైమరీ, సెకండరీ కలిపి ప్రపంచానికి ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలని యునెస్కో అంచనా. అందులో సగానికి పైగా, ఉన్నవాళ్లు వృత్తి వదిలి వెళ్లడం వల్ల ఏర్పడే ఖాళీలే. అంటే పోస్టుల కొరత కాదు, మనుషులు నిలవకపోవడమే సమస్య. మీరు భయపడాల్సింది ఏమన్నా ఉంటే అదీ: పని భారం, జీతం, గౌరవం. ఏఐ కాదు.

టీచర్ల పని అయిపోయిందన్న జోస్యం కూడా పాతదే. సినిమా వచ్చింది కాబట్టి స్కూళ్లలో పుస్తకాలకు కాలం చెల్లుతుందని 1913లోనే ఎడిసన్ అన్నాడు. 1950లలో స్కిన్నర్ అనే సైకాలజిస్టు పాఠం చెప్పే మెషీన్లు తయారుచేశాడు. 2011లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏఐ కోర్సును నెట్‌లో ఉచితంగా పెడితే లక్షా అరవై వేల మంది చేరారు, ఇక యూనివర్సిటీలు మూతబడతాయన్నంత హడావిడి జరిగింది. చివరిదాకా ఉన్నది సుమారు 23 వేల మంది, ఏడుగురిలో ఒకరు. పాఠం బాగాలేక కాదు, మొదలుపెట్టడం తేలిక, మధ్యలో ఆగిపోయినప్పుడు ‘ఏమైంది, ఎందుకు రావట్లేదు’ అని అడిగే మనిషి లేకపోతే కొనసాగడం కష్టం. పెద్దవాళ్లకే అలా ఉంటే పన్నెండేళ్ల పిల్లల సంగతి మీరే ఆలోచించండి.

అయితే ఏమీ మారలేదని చెప్పను. చాలా మారింది. బోర్డు మీద రాస్తూ నలభై నిమిషాలు వివరించడమే టీచర్ పని అనుకుంటే ఆ పనిని వీడియో నిజంగానే తీసుకుంది, చాలాసార్లు మెరుగ్గా కూడా చేస్తోంది, ఎందుకంటే పిల్లలు దాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినొచ్చు. మిగిలిన పని ఏమిటో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక పాప 1/2 + 1/3 = 2/5 అని రాసింది. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేసింది. యాప్ ఎర్ర గుర్తు వేసి అదే వీడియోను మళ్లీ చూపిస్తుంది. టీచర్ అలా చేయదు. ‘సగం పెద్దదా, అయిదింట రెండు పెద్దదా?’ అని అడుగుతుంది. పాప ఆలోచించి సగమే అంటుంది. ‘మరి సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గిందేమిటి?’ ఆ తర్వాత పాప మొహం చూడాలండీ. తప్పు తనకే దొరికింది. ఆ ప్రశ్నను ఈ రోజు ఏఐ కూడా అడగగలదు, కాదనను. కానీ ఈ పాపను ఇప్పుడు అడగాలా, రేపు అడగాలా, అందరి ముందూ అడిగితే ముడుచుకుపోతుందా అన్నది ఆ గదిలో ఉన్న మనిషికే తెలుస్తుంది.

ఏఐ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లలతో మ్యాథ్స్‌లో ఒక అధ్యయనం చేశారు. మామూలు చాట్‌జీపీటీ లాంటిది ఇచ్చి ప్రాక్టీస్ చేయిస్తే ఆ లెక్కల్లో మార్కులు 48 శాతం పెరిగాయి. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు దాని మొహమే చూడని పిల్లల కన్నా 17 శాతం తక్కువ వచ్చాయి. అదే ఏఐకి, టీచర్లతో రాయించిన సూచనలు ముందే ఇచ్చి, జవాబు చెప్పకుండా హింట్లు మాత్రమే ఇచ్చేలా కట్టడి చేస్తే ఆ నష్టం చాలావరకు పోయింది. ఎక్కడ పిల్లలు ఆగుతారో, ఏ తప్పు చేస్తారో, ఎంత చెబితే చాలో తెలిసినవాళ్లు వెనకాల ఉండటమే ఇక్కడ తేడా. మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్నది సరిగ్గా అదే.

ఇప్పుడు సెమినార్లలో ‘టీచరంటే ఇక బోధించేవారు కాదు, ఫెసిలిటేటర్’ అంటున్నారు, అంటే పిల్లలు తామే నేర్చుకుంటుంటే పక్కనుండి తోడ్పడే మనిషి అని. నాకు ఆ మాట సగమే నచ్చుతుంది. ఏమీ తెలియని పిల్లల్ని నెట్ ముందు కూర్చోబెట్టి ‘మీరే కనుక్కోండి’ అంటే కనుక్కునేది తక్కువ, తిరిగేది ఎక్కువ. వివరించడం వచ్చినవాళ్లకే ఎప్పుడు వివరించకూడదో కూడా తెలుస్తుంది.

ఇక మీరు చెప్పిన ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. మంచి పనే, నిజమైన నైపుణ్యమే. కానీ ఫ్రెషర్లకు అందులో ముందు ఇచ్చే పని ఏమిటో ఎవరినైనా అడిగారా? స్క్రిప్టుల డ్రాఫ్టులు, క్విజ్ ప్రశ్నలు, స్లైడ్లు, సారాంశాలు. సరిగ్గా ఏఐ నిమిషాల్లో రాసిపెట్టేవే. మెషీన్ ఉద్యోగం తీసేస్తుందని భయపడి, ఆ మెషీన్ ముందుగా చేయి వేసే కుర్చీలోనే అమ్మాయిని కూర్చోబెడుతున్నారు! పైగా 2020లో స్కూళ్లు మూతబడినప్పుడు ఎగిరిన ఎడ్‌టెక్ కంపెనీలు, మళ్లీ తెరిచాక ఎంతమందిని ఇంటికి పంపాయో వార్తల్లో మీరూ చదివే ఉంటారు. ఆన్‌లైన్‌లో పేరున్న టీచర్‌గా వెలగడమన్నది ఇంకో ముచ్చట. ఒక్కరి వీడియో లక్షల మంది చూస్తారంటే, దానర్థం అలాంటివాళ్లు కొందరే చాలని. పిల్లలకు ఒక్కరోజైనా పాఠం చెప్పనివాళ్లు తయారుచేసిన కోర్సులు నేను చాలా చూశాను, చూడటానికి అందంగా ఉంటాయి, 2/5 రాసిన పాపకు మాత్రం పనికిరావు.

పోలిక అడిగారు, నేను ఒక వైపే మాట్లాడేశాను, సరే. మొదట్లో జీతం కంపెనీలో ఎక్కువ ఉండొచ్చు. కానీ నాలుగైదేళ్లు పాఠం చెప్పిన మనిషి కోర్సుల డిజైన్‌లోకి వెళితే రమ్మంటారు, అటునుంచి ఇటు రావడం కష్టం. అంతే తేడా, నా దృష్టిలో అదే పెద్ద తేడా.

టెక్నాలజీ వద్దని కాదు. రేపటి క్లాసు సగం గదిలో, సగం నెట్‌లో ఉంటుంది. చిన్న వీడియో చేసుకోవడం, క్విజ్ ఫలితాలు చూసి ఎవరు ఎక్కడ ఆగారో పట్టుకోవడం, గ్రూపులో మూడు రోజులుగా ఒక్క మాట రాయని పిల్లాడిని గమనించి విడిగా పలకరించడం, ఏఐ ఇచ్చిన జవాబులో తప్పును పిల్లల చేతే పట్టించడం, ఇవన్నీ రావాలి. మొదటి రెండూ కొన్ని వారాల్లో వస్తాయి. చివరి రెండే కష్టం.

ఇప్పుడు నలుగురి సంగతి. కోప్పడకండి, మీ ఉత్తరంలో ‘మా టెన్షన్’ ఉంది, ‘చెబుతున్నాం’ ఉంది, ఆ అమ్మాయి టీచర్ ఎందుకు అవుతానంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? మంచి టీచర్లు రావట్లేదని వాపోయేదీ మనమే, మనింట్లో ఒకరు అవుతానంటే అడ్డుపడేదీ మనమే.

అనుమానం తీరాలంటే నెల రోజులు ఇద్దరు ముగ్గురు పిల్లలకు మ్యాథ్స్ చెప్పమనండి, ఒకరికైనా ఆన్‌లైన్‌లో. నెల తర్వాత పిల్లల తప్పుల గురించి ఉత్సాహంగా చెబుతుంటే ఇక మీరు తప్పుకోండి, విసుక్కుంటుంటే నాకు మళ్లీ రాయండి. టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగూ స్మార్ట్ బోర్డులూ చూడొద్దు, నిజమైన పిల్లల ముందు ఎన్ని వారాలు పాఠం చెప్పిస్తారు, వెనక కూర్చుని చూసి తప్పొప్పులు ఎవరు చెబుతారు అని అడగాలి. ఆ ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చుంటే చాలు.