కష్టం పోదని తెలిశాక మనసు ఎలా కుదుటపడుతుంది?

కష్టాలు ఎలాగూ తప్పవు, మరి మనసుకు ప్రశాంతత ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మాది విజయవాడ సింగ్‌నగర్. మా అమ్మకు కిడ్నీలు పాడై కొన్నేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది. నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే.

డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. జ్వరంలా వచ్చి తగ్గేది కాదు. అందుకే "ఇది అయిపోయాక హాయిగా ఉందాం" అనే మాట మా ఇంట్లో చెల్లదు. అమ్మకు సూది కంటే దాహం ఎక్కువ బాధ. కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది, కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. కాబట్టి నీళ్లు కొలిచి ఇవ్వాలి. రోహిణి కార్తెలో, బెజవాడ ఎండలో, కన్నతల్లి ఇంకో గుక్క అడిగితే వద్దనాలి. ఆ పూట లెక్కలోదే ఒక ఐసు ముక్క నోట్లో పెట్టి పక్కన కూర్చుంటాను. అమ్మ తన చిన్ననాటి కబుర్లు మొదలుపెడుతుంది. దాహం తీరదు, కానీ ఆ కాసేపు ఇద్దరికీ ప్రాణం తెరిపిన పడుతుంది. నేను ప్రశాంతత అనేది దాన్నే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా వీధులు మునిగాయి. వరద వచ్చిందని డయాలసిస్ ఆగదు కదా! పడవ కోసం తిరగడం, ఫైలు తడవకుండా కవర్లో చుట్టడం, ఆస్పత్రికి ఫోన్లు... పని ఉన్నంతసేపు భయంలోనూ నిలబడ్డాను. అమ్మ క్షేమంగా మంచమెక్కాక, చేయడానికి ఏమీ లేని ఆ రాత్రే దిగులు పిండేసింది. అప్పటినుంచి పడుకునే ముందు టెన్షన్లన్నీ నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మందులు తేవడం లాంటి పని ఉన్నవాటి పక్కన రేపటి టైం వేస్తాను. పనేమీ లేని దిగులును రాసి వదిలేస్తాను.

ఆ రోజుల్లోనే కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది. 70 గేట్లూ ఎత్తేశారు. అంత నీటిని ఆపబోతే ఏ కట్టడమూ నిలవదు. మనసూ అంతే, ఏడుపొస్తే ఏడవండి. వచ్చిన ప్రతిసారీ "ధైర్యంగా ఉండు" అని మాత్రమే చెప్పి వెళ్లేవాళ్ల కంటే, ఊరికే వినే మనిషి ఒక్కరున్నా చాలా మేలు.

ధ్యానం చేయమంటారు, మంచిదే. కానీ నిద్ర చాలని మనిషి కళ్లు మూసుకుంటే వచ్చేది కునుకే. అమ్మ దగ్గర వారానికో రాత్రి మా తమ్ముడు ఉండడం మొదలుపెట్టాకే నాకు ధ్యానం కుదిరింది. సాయం అడగడానికి మొహమాటపడకండి.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.