ఒకే ఇంట్లో ఒకరు రోగి, ఒకరు ముద్దాయి

గంజాయికి అలవాటు పడినవాళ్లను జైలుకు కాకుండా ఆసుపత్రికి పంపితే భయం పోయి ఇంకా చెడిపోరా అని అడిగారు. మా ఇంట్లో మత్తు అలవాటును రెండుసార్లు చూశాను, మొదట నాన్నకు, తర్వాత తమ్ముడికి. చూసిందే రాస్తాను.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. నాన్న రోజూ సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్లేవాడు. అక్కడ పోసేది చెట్టు కల్లు కాదనీ, డైజెపామ్, అల్ప్రాజోలమ్ లాంటి నిద్రమందులు కలిపిన నీళ్లనీ ఊరంతటికీ తెలుసు. 2015లో కల్తీపై దాడులు మొదలై ఆ సరుకు ఒక్కసారిగా ఆగిపోయింది. మూడో రోజుకు నాన్న చేతిలో చాయ్ గ్లాసు నిలవలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ రాత్రంతా తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు. తెల్లవారుజామున మూర్ఛ వచ్చింది.

ఆసుపత్రికి తీసుకెళ్తే అప్పటికే అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. డాక్టరు తిట్టలేదు. ఇన్నేళ్లుగా పడుతున్న మందు ఒక్కసారిగా ఆగితే మెదడు తట్టుకోలేదని చెప్పి, అదే రకం మాత్రలు ఇచ్చి, వారం వారం ఎంత తగ్గించాలో ఓపీ చీటీ వెనక రాసిచ్చారు. అమ్మ ఆ మాత్రలను బ్లేడుతో సగానికి, ఆ తర్వాత పావుకు కోసేది. అలా రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఒక్కరు కూడా నాన్నను నేరస్థుడు అనలేదు. ‘పాపం, ఏం కలిపి పోశారో’ అన్నారు. నిజానికి ఆ రెండు మందుల పేర్లూ 1985 నాటి మత్తుపదార్థాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం పట్టికలో ఉన్నాయి. గంజాయి ఉన్నదీ ఆ చట్టంలోనే.

కొన్నేళ్లకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న తమ్ముడు చిన్న గంజాయి పొట్లంతో దొరికాడు. గంజాయి వాడినందుకు సెక్షన్ 27 కింద 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈసారి ‘పాపం’ అన్నవాళ్లు లేరు.

భయం సంగతి అడిగారు కదా. వాడికి భయం బాగానే పట్టింది. దానితో మానలేదు సరికదా, దాచడం నేర్చుకున్నాడు. మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, అన్నం సహించదు, ఊరికే కోపం వస్తుంది. నాలుగో రోజే మళ్లీ తాగాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరికైనా చెబితే ఇంకో కేసు పెడతారని అనుకున్నాడట.

తర్వాతి తప్పు మాదే. ఇది రోగమే అని ఒప్పుకున్నాం గానీ, ఎవరో చెప్పారని ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించాం. ఒకే హాలులో పద్నాలుగు మంది, బయట తాళం, ఎదురు మాట్లాడితే దెబ్బలు. డాక్టరు వారానికి ఒకసారైనా వచ్చిన గుర్తు లేదన్నాడు. మూడు వారాల తర్వాత ఇంటికి వచ్చి నాతో కూడా మాట్లాడలేదు. పోలీస్ స్టేషనే నయం అనిపించింది, నమ్మండి. మత్తు అలవాటు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అంటే వీళ్లకూ ఆ చట్టం ఇచ్చే రోగి హక్కులు ఉన్నాయి. ఈ సంగతి చేర్పించే ముందు తెలిస్తే ఎంత బాగుండేది!

మా వకీలు ఇంకో మాట చెప్పారు. అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 64ఎ ఉంది. అలవాటు పడిన మనిషి మీద వాడకం కేసు గానీ, కొద్ది పరిమాణం దొరికిన కేసు గానీ ఉన్నప్పుడు, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మేము చేర్పించిన కేంద్రానికి గుర్తింపు లేదు కాబట్టి ఆ మూడు వారాలు లెక్కలోకి రాలేదు. సొంత వాడకానికి కొద్దిగా మత్తుమందు దొరికితే పోర్చుగల్ 2001 నుంచి దాన్ని నేరంగా చూడడం లేదని అందరూ చెబుతారు, మన చట్టంలోనే ఉన్న ఈ తలుపు గురించి మాత్రం మాకు స్టేషన్‌లో ఒక్కరూ చెప్పలేదు. అమ్మేవాళ్లను వదిలేయమని నేను అనడం లేదు. 64ఎ కూడా అనదు.

ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో డాక్టరు తమ్ముణ్ని ‘ఎందుకు తాగావు’ అని అడగలేదు. ‘ఏ వేళకు బాగా తాగాలనిపిస్తుంది, అప్పుడు పక్కన ఎవరుంటారు’ అని అడిగారు. నాన్నకు ఇచ్చినట్టు మాత్ర మార్చి మాత్ర ఇచ్చే దారి గంజాయికి లేదు, మాటలతోనే నడవాలి అన్నారు. మధ్యలో ఒకసారి మళ్లీ తాగి, ఈసారి తనే వెళ్లి చెప్పాడు. ఆయన చీటీలో తేదీ వేసి, తర్వాతి సారి ఎప్పుడు రావాలో రాసి పంపారు, అంతే.

మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే 14446కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. ఎక్కడ చేర్పించినా ముందు గుర్తింపు పత్రం అడగండి, డాక్టరు రోజూ వస్తారో లేదో అడగండి. కల్లు, నిద్రమాత్రల అలవాటైతే ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. ఓపీ చీటీలు పారేయకండి. తమ్ముడి కేసులో వకీలు కోర్టుకు చూపించినవి ఆ పదకొండు చీటీలే. అమ్మ ఇప్పుడు వాటిని నాన్న పాత చీటీతో కలిపి ఒకే రేకు డబ్బాలో పెట్టింది.