అవార్డుకు పేరు పంపుతామంటే ఒప్పుకోవాలా?

మేడం, మీరు అడిగింది ఇదీ. మీ హెచ్‌.ఎం. గారు ఈసారి జిల్లా ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు మీ పేరు పంపుతామని, ఫైలు తయారు చేసుకోమని అన్నారు. సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని మీకు మనసొప్పడం లేదు. స్టాఫ్‌రూమ్‌లో నలుగురూ నాలుగు మాటలంటారని టెన్షన్‌ కూడా. వద్దని చెప్పేయాలా అని అడిగారు.

వద్దనకండి, ఒప్పుకోండి. కానీ ఆ ఫైలు మాత్రం మీరే కూర్చుని రాయండి. ఇంకొకరి ఫైలు తెచ్చుకుని పేర్లు మార్చి దించొద్దు.

నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక ప్రైమరీ స్కూల్లో ఎస్‌.జి.టి.ని, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచర్ని. అంతా మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. అందుకే చాలామంది అమ్మానాన్నలు బేల్దారి పనులకు చెన్నైకో బెంగళూరుకో పోతారు. పిల్లకాయలు కొందరు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు, కొందరు పెద్దవాళ్ల వెంట పోయి మధ్యలో తిరిగొస్తారు. హాజరు పట్టీ చూస్తే మా ఊరి పరిస్థితి తెలిసిపోతుంది. అలాంటి బడి నుంచి నా పేరు అవార్డుకు పంపుతామన్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన కూడా మీదే. నేనేం చేశానని రాయాలి? పాఠం చెప్పడానికే కదా జీతం ఇస్తున్నారు?

రాయడం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసింది. మనం రోజూ పైకి ఎన్ని లెక్కలు పంపుతాం! ఎంతమంది వచ్చారు, ఎంతమంది భోంచేశారు, గుడ్లెన్ని, చిక్కీలెన్ని. అవన్నీ కావలసినవే, కాదనను. కానీ రానివాడికి చదవడం ఎలా నేర్పావని అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ నాకు కనబడలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న నన్ను అడిగింది ఆ నామినేషన్ ఒక్కటే. అందుకే దాన్ని వదులుకోవద్దంటున్నాను.

ఏం రాశానో ఒకటి చెబుతాను. మూడో తరగతిలో ఒక పాప ఉండేది. బెంగళూరు నుంచి ఏడాది మధ్యలో వచ్చింది. అక్షరాలు వచ్చు, గుణింతం పలుకుతుంది, వత్తు కనబడితే మాత్రం నోరు మూసుకునేది. బోర్డు మీద రాసి చదవమంటే తల వంచుకునేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పలక పట్టుకుని ఆ పిల్లతో వరండాలో కూర్చునేదాన్ని. వాచకం ముట్టుకోలేదు. వాళ్లింట్లో వినబడే మాటలే రాసేదాన్ని: అమ్మ, అవ్వ, బువ్వ, గొడ్డు, బస్సు. ఒకే అక్షరం కింద అదే వత్తు వచ్చేవి ముందు, వేరే వత్తు వచ్చేవి తర్వాత. రాసిన ప్రతి మాటనూ తనే చెరిపి, మళ్లీ చూడకుండా రాయాలి. అంతే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు. రోజూ ఆపకుండా చేయడమే ముఖ్యం.

ఒకరోజు వాళ్లవ్వ ఏదో జిరాక్సు పని మీద బియ్యం కార్డు క్యారీబ్యాగులో చుట్టుకుని బడికి వచ్చింది. పాప ఆ కార్డు తీసుకుని పేర్ల మీద వేలు పెట్టి చదవసాగింది. వాళ్లమ్మ పేరులో రెండు వత్తులున్నాయి. వాటి దగ్గర ఆగింది, పెదాలు కదిపి చూసుకుంది, తర్వాత పేరంతా ఒక్క గుక్కలో చదివేసింది. చదువురాని ఆ అవ్వ, "అదేందిమే, మీయమ్మ పేరు దీంట్లో ఉండాదా?" అని కార్డు మొహం దగ్గర పెట్టుకుని చూసింది.

దీనికి ఫొటో లేదు, పేపర్ కటింగ్ లేదు. మామూలుగా ఫైల్లో మనం పెట్టే ఏ ఆధారమూ లేదు. అయినా రాశాను. పాప పేరు రాయలేదు, ఊరు రాయలేదు, ఏ మాటలతో మొదలుపెట్టాను, ఎక్కడ కష్టమైంది, ఏది పనిచేసింది అన్నది రాశాను. మీక్కూడా ఇదే చెబుతాను. చదువులో వెనకబడిన పిల్ల అని ఫొటోతో సహా ఫైల్లో ఎక్కించకండి. రేపు ఆ పిల్ల పెద్దదై ఆ కాగితం చూస్తే ఏమనుకుంటుంది? ఫొటోల కోసం పిల్లల చేత పుస్తకాలు పట్టించి నవ్వమని నిలబెట్టడం కూడా నాకు ఎప్పుడూ నచ్చదు. ఆ పూట పాఠం పోతుంది.

రాస్తున్నకొద్దీ ఇంకొకటి బయటపడింది. నేను వరండాలో ఆ పాపతో కూర్చోగలిగానంటే, నా తరగతిని కూడా తన తరగతితో కలిపి చూసుకున్న టీచరు లోపల ఉన్నారు. అమ్మానాన్న మళ్లీ పనికి పోయేటప్పుడు పాపను పంపనని పట్టుబట్టిన అవ్వ ఉంది. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు అన్నం పక్కన పెట్టే వంట అక్క ఉంది. వీళ్లందరి గురించీ రాశాను. స్టాఫ్‌రూమ్‌లో మాటలు పడతాయని మీరు భయపడుతున్నారు కదా, దానికి నాకు తెలిసిన మందు ఇదే. ఫైలు పూర్తికాకముందే తోటివాళ్ల చేతికిచ్చి, మీ వంతు సరిగ్గా రాశానా అని అడగండి. పైరవీ చేసుకుంది అనేవాళ్లు అప్పటికీ ఒకరిద్దరుంటారు, వదిలేయండి.

మన గురించి మనమే రాసుకోవడం తప్పేమో అన్నదానికి కూడా జవాబుంది. జాతీయ ఉపాధ్యాయ అవార్డు 1958 నుంచి ఉంది. 2018 నుంచి దానికి టీచర్లే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే పద్ధతి తెచ్చారు. జిల్లా విద్యాశాఖాధికారి (డి.ఇ.ఓ.) అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ 3 పేర్లను రాష్ట్రానికి పంపుతుంది, అక్కడి నుంచి ఢిల్లీకి పోతాయి. మార్కుల్లో ఎక్కువ భాగం మన పని చూసి వేసేవే. ట్యూషన్లు చెప్పేవాళ్లకు అర్హత లేదు. గెలిచినవాళ్లకు సెప్టెంబరు 5న రాష్ట్రపతి వెండి పతకం, 50,000 రూపాయలు ఇస్తారు. అంత పెద్ద అవార్డుకే టీచరు తన పని తాను చెప్పుకోవాలన్నప్పుడు, జిల్లా అవార్డుకు మీరు మొహమాటపడాల్సిన పనిలేదు. నన్ను బాధపెట్టేది ఒకటే. జాతీయ అవార్డుకు రెగ్యులర్ టీచర్లే అర్హులు. కాంట్రాక్టు మీద పనిచేస్తూ మనకంటే ఎక్కువ కష్టపడేవాళ్లు నాకు తెలుసు. వాళ్లకూ ఆ దారి తెరవాలి.

మా జిల్లాలోనే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు అక్కడ అక్షరాలు దిద్దారు, పాఠాల మీద మాట్లాడుకున్నారు, సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు మనందరికీ తెలుసు, తెలియాలి కూడా. కానీ ఊరూరా ఆ బడులు నడిపిన వలంటీర్లలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? నాకు తెలియదు. పెద్దవాళ్ల చేత, అదీ అలసిపోయి వచ్చినవాళ్ల చేత, అక్షరాలు ఎలా దిద్దించారో వాళ్లు రాసిపెట్టిన కాగితం ఒక్కటి దొరికినా నేను కళ్లకద్దుకుని చదువుతాను. మన పని కూడా అలాగే ఎవరికీ అందకుండా పోతుంది, రాయకపోతే.

ఆ ఏడాది నాకు అవార్డు రాలేదు. వేరే మండలంలోని సారుకి వచ్చింది. ఆయన పని నేను చూశాను, తగినవారే. రానందుకు రెండు రోజులు మనసు చిన్నబోయిన మాట నిజం, అది మీకూ ఉంటుంది, ఉండనివ్వండి. కానీ వత్తుల గురించి నేను రాసిన పేజీలు, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక కొత్త టీచరు అడిగి జిరాక్సు తీసుకుంది. డి.ఎస్‌.సి.లో కొత్తగా వచ్చిన అమ్మాయి. తర్వాత ఫోన్ చేసి, వాళ్ల ఊరి మాటలతో జాబితా మార్చుకున్నానని, ఇద్దరు పిల్లలు దారిలో పడ్డారని చెప్పింది.

కాబట్టి రేపే మీ హెచ్‌.ఎం. గారికి సరే అని చెప్పండి. సర్టిఫికెట్లు, ఫొటోలు ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. ముందు మీ తరగతిలో చదవలేక ఇబ్బందిపడి, తర్వాత చదవగలిగిన ఒక్క పిల్లనో పిల్లాడినో గుర్తు తెచ్చుకుని, మొదటి రోజు ఏం చేశారో అక్కడి నుంచి రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఈ జవాబు కిందే అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.