నవ్వని ఆక్సోలోటల్ గురించి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ రాతప్రతి పోయిన సోమవారం అందింది. రెండుసార్లు చదివాను. ఆరేడేళ్ల పిల్లల కోసం ఆక్సోలోటల్ మీద బొమ్మల పుస్తకం రాయాలన్న ఆలోచన నాకు నచ్చింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. నచ్చకపోయి ఉంటే ‘బాగుంది, కొనసాగించు’ అని ఒక కార్డు ముక్క రాసి ఊరుకునేవాణ్ణి.

మొదటి పేజీలో ‘ఎప్పుడూ నవ్వే గులాబీ రంగు బుజ్జి చేప’ అన్నావు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు. అది చేప కాదు, కప్పకు దూరపు చుట్టమైన సాలమాండర్. అది నవ్వడమూ లేదు, దాని నోరు చీలిన తీరే అంత. ఆ నోరు ఒక్కసారిగా తెరిచిందంటే నీళ్లతో పాటు ఎదురుగా ఉన్న వానపాము లోపలికి పోతుంది. ఇక రంగు. సొంత నీళ్లలో పుట్టిన ఆక్సోలోటల్ బురద రంగులో, నల్లటి మచ్చలతో ఉంటుంది. గులాబీవి ప్రయోగశాలల్లో, గాజు తొట్టెల్లో మనుషులు పెంచినవి. పిల్లలు గులాబీ దాన్నే ఎరుగుదురు నిజమే. 2021లో మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలోకి వచ్చాక మన ఊళ్ల పిల్లలు కూడా దాన్ని గుర్తుపడుతున్నారు. వాళ్లకు తెలిసిన దానితోనే మొదలుపెట్టు, తప్పు లేదు. పేజీ తిప్పగానే మాత్రం ఆ బురద రంగుది కనిపించాలి. ‘ఇదేమిటి, ఇలా ఉంది!’ అని పిల్లవాడు అనుకున్న క్షణం నుంచి పుస్తకం వాడిది అవుతుంది.

రెండో పేజీలో ‘నియోటెనీ’ (పెద్దదైనా పిల్ల రూపం వదలకపోవడం) అనే మాట వాడి, కింద రెండు వాక్యాల వివరణ ఇచ్చావు. ఆ మాట కొట్టెయ్. మన వైపు సాలమాండర్లు లేవు. మన దేశంలో వాటి చుట్టాలను చూడాలంటే డార్జిలింగ్ కొండల వైపు వెళ్లాలి. తోకకప్పలు మాత్రం వానాకాలంలో ప్రతి గుంటలోనూ ఉంటాయి. తోకకప్పకు కాళ్లు వస్తాయి, తోక పోతుంది, మొప్పలు పోతాయి, గట్టెక్కి కప్ప అవుతుంది. ఇది ఆరేళ్లవాడు కళ్లతో చూసిన సంగతి. ‘ఆక్సోలోటల్‌కు కాళ్లు వచ్చాయి, మొప్పలు మాత్రం పోలేదు. అది పెద్దదై గుడ్లు పెట్టినా నీళ్లలోనే ఉండిపోయింది’ అని చెప్పు. తల పక్కన ఈకల్లా ఊగేవి మొప్పలని అప్పుడు వాడే కనిపెడతాడు.

పుస్తకంలో రాయకపోయినా నీకు తెలిసి ఉండవలసిన కథ ఒకటుంది. 1864 ప్రాంతంలో మెక్సికో నుంచి 34 ఆక్సోలోటల్‌లు పారిస్ చేరాయి. కొన్నింటిని అక్కడి జంతుశాలలో ఓగుస్త్ దుమెరీల్ అనే శాస్త్రవేత్త పెంచాడు. అవి గుడ్లు పెట్టాయి, పిల్లలు బయటికొచ్చాయి. ఆ పిల్లల్లో కొన్నింటికి మొప్పలు రాలిపోయి, అవి నేల మీద బతికే సాలమాండర్లుగా మారిపోయాయి. ఆయనకు ఏమీ పాలుపోలేదు. థైరాయిడ్ గ్రంథి నుంచి రావలసిన హార్మోను చాలకనే అవి మామూలుగా మారకుండా ఉండిపోతాయని చాలాకాలం తర్వాత గాని తెలియలేదు. అంత పెద్ద శాస్త్రవేత్త తెల్లబోయిన చోట నువ్వు రెండు వాక్యాల్లో అంతా తెలిసినట్టు రాస్తే ఆశ్చర్యం ఎక్కడ మిగులుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ ఆరో పేజీ చూస్తే నాకు గుండె గుబుక్కుమంది. ‘ఆక్సోలోటల్ కాలు తెగినా పునరుత్పత్తి అవుతుంది. ఎంత బాగుందో కదా!’ అని రాశావు. ముందు మాట సంగతి. పునరుత్పత్తి, ప్రత్యుత్పత్తి అనే రెండింటి మధ్య టీచర్లే తికమక పడతారు. ‘మళ్లీ మొలుస్తుంది’ అంటే సరిపోతుంది, చెట్టు కొమ్మ తెలిసిన పిల్లలే కదా. కానీ నా భయం మాట గురించి కాదు.

చాలా ఏళ్ల కిందట ఒక ఊరి గ్రంథాలయంలో పిల్లలకు ఇలాంటిదే చదివి వినిపించాను. కాలు, తోక, వెన్నుపాము, గుండెలో కొంత భాగం కూడా మళ్లీ పెరుగుతాయని ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పిల్లవాడు లేచి, ‘మా తాతయ్య కాలు కూడా మొలుస్తుందా?’ అన్నాడు. చక్కెర జబ్బుతో ఆయన కాలు తీసేశారట. నేను కాదనలేకపోయాను. ‘శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు నాన్నా’ అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. నెల తర్వాత ఆ తాతగారే బజారులో ఎదురై, ‘వీడు రోజూ పొద్దున లేచి నా దుప్పటి తీసి చూస్తున్నాడండీ’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

కాబట్టి ఆరో పేజీ పక్కన ఇంకో పేజీ కావాలి. మన మోకాలికి దెబ్బ తగిలితే పక్కు కడుతుంది, ఊడుతుంది, మచ్చ మిగులుతుంది. అది లేని పిల్లవాడు లేడు. ఆక్సోలోటల్ గాయం మచ్చ కట్టదు. అక్కడి కణాలు మొగ్గలా చేరతాయి, ఆ మొగ్గే వారాలు గడిచేసరికి ఎముకతో, కండతో, వేళ్లతో కాలవుతుంది. మనకు అలా కాదు. ‘మనకు అలా కాదు’ అనే మాటను పెద్ద అక్షరాల్లో వేయించు. అది చదివి ఏ పిల్లవాడైనా దిగులుపడితే పడనీ. దుప్పటి తీసి చూడడు కదా.

సోచిమిల్కో గురించి ఒక్క పేజీతో సరిపెట్టావు, అక్కడ ఇంకాస్త ఆగవలసింది. మెక్సికో నగరానికి దక్షిణాన కాలువలు, వాటి మధ్య బురద పోసి కట్టిన చినాంపా మడులు, వాటి మీద పూలు, కూరగాయలు. ఆ ఊరి పేరుకు అర్థమే పూల పొలాలున్న చోటు అని. అడవి ఆక్సోలోటల్‌కు మిగిలిన ఇల్లు అదొక్కటే. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉండేవి, 2014 లెక్కలో 36. చదరపు కిలోమీటరంటే పిల్లలకు ఏం తెలుస్తుంది? 36 అంటే ఒక తరగతి గది. హాజరు పిలిస్తే అయిపోతుంది.

ఎందుకు తగ్గాయో చెప్పేటప్పుడు ‘కాలుష్యం’ అని ఒక్క మాటతో దాటెయ్యకు. నగరపు మురుగు ఉంది, నిజమే. దానితో పాటు జనం తిండి కోసం తెచ్చి వదిలిన తిలాపియా, కార్పు చేపలు ఉన్నాయి. అవి గుడ్లను, పిల్లలను తినేస్తాయి. ఆ కార్పు మన చెరువుల్లో పెంచే బంగారుతీగే! నిన్న అమ్మ పులుసు పెట్టిన చేప అక్కడ దొంగ అయిందంటే పిల్లలు చెవులు రిక్కిస్తారు. ఇప్పుడు అక్కడి రైతులు, మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి, ఆ చేపలు దూరకుండా కొన్ని కాలువలకు జల్లెడల్లాంటి అడ్డులు కడుతున్నారు. చివరి పేజీలో ‘పిల్లలూ, మనమూ ప్రకృతిని కాపాడదాం’ అన్న చోట ఆ అడ్డు బొమ్మ వేయించు. నల్లగొండలో ఒకటో తరగతి చదివేవాడు సోచిమిల్కోను ఎలా కాపాడతాడు చెప్పు?

మెక్సికోలోని పాతకాలపు అజ్టెక్ జనం కొలిచిన షోలోటల్ దేవుడి కథ తీసెయ్యాలా అని అడిగావు. వద్దు, ఉంచు. చావు తప్పించుకోవడానికి జంట మొక్కజొన్నగా, జంట కిత్తనారగా, చివరికి నీళ్లలో దూరి ఆక్సోలోటల్‌గా మారి, అక్కడ దొరికిపోయిన దేవుడు. దొరికిన భాగం భయంగా ఉంటుందని సందేహిస్తున్నావు. నరసింహుడి కథ విని హాయిగా నిద్రపోయే పిల్లలమ్మా మన పిల్లలు! ‘నీటి రాక్షసుడు’ అని మాత్రం అనకు, పాపం.

మార్చిన ప్రతి దసరా లోపు పంపు. బొమ్మలు వేసే అబ్బాయికి ఒక మాట చెప్పు, అన్ని కాళ్లకూ ఐదేసి వేళ్లు గీశాడు. ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు ఐదేసి ఉండాలి. పిల్లలు లెక్కపెడతారు.